ఆకుపచ్చ పెన్సిల్ డాక్టరు

నదీన్ బుషేకి ఇంకా ఎనభై అయిదు నిమిషాలే మిగిలాయి.

పైక్‌వుడ్ ఆరోగ్య బీమా కంపెనీ పన్నెండో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి వాండా జెలిన్‌స్కీ చేతి గడియారంలో రెండూ ముప్పై అయిదు అయింది. రాష్ట్ర బీమా శాఖలో పరిశోధకురాలిగా ఆమెకిది పదకొండో ఏడు. అంతకుముందు పదహారేళ్లు నర్సు. మాటిమాటికీ గడియారం చూసుకోవడం అప్పటి అలవాటే. ఈ ఉద్యోగంలో ఆమెకు అన్నం పెడుతున్నది కూడా ఆ అలవాటే.

నదీన్ స్కూలు బస్సు నడుపుతుంది. నలభై ఒక్కేళ్ల మనిషి. రక్తపు క్యాన్సర్. మొదటి మందు పనిచేయలేదు. ఆమె రక్తంలోంచే కొన్ని కణాలు తీసి, జబ్బు మీద విరుచుకుపడేలా ప్రయోగశాలలో తయారుచేసి పంపారు. అవి ఆసుపత్రి ఫ్రీజర్లో సిద్ధంగా ఉన్నాయి. రేపు పొద్దున ఆరింటికి ఆమెను చేర్చుకోవాలి. ఇంకో వారం ఆగితే ఆ కణాలు ఉన్నా లేనట్టేనని డాక్టర్లు తేల్చి చెప్పారు. ఇక కావలసిందల్లా పైక్‌వుడ్ వాళ్లు సరే అనడం. మంగళవారం వాళ్లు కాదన్నారు.

అయితే పైక్‌వుడ్ సొంత నియమావళిలోనే ఒక మెలిక ఉంది. అత్యవసరమని వచ్చిన అర్జీకి డెబ్బై రెండు గంటల్లో జవాబు చెప్పాలి. కాదనాలంటే ఆ జబ్బులో నిపుణుడైన డాక్టరే స్వయంగా ఫైలు చదివి కాదనాలి. అలా జరగకపోతే సరే అన్నట్టే లెక్క. నదీన్ అర్జీ అందింది సోమవారం సాయంత్రం నాలుగింటికి. ఇవాళ గురువారం.

లిఫ్టు ఎదురుగా ఎల్డన్ ప్రాట్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కంపెనీలో దొంగ బిల్లుల గుట్టు లాగే విభాగానికి అతనే పెద్ద. ఒకప్పుడు హార్ట్‌ఫర్డ్ పోలీసుల్లో డిటెక్టివ్. మూడేళ్ల కిందట ఒక కేసులో వాండా తనకంటే రెండు రోజులు ముందు దొంగను పట్టుకుంది. ఆ సంగతి అతనికి ఇప్పటికీ మింగుడు పడలేదు.

"రా నర్సమ్మా. ఎవరికి జ్వరం చూడటానికొచ్చావు?"

"మీ కంపెనీకే. నాలుక చాపమను."

ప్రాట్ నవ్వలేదు. పెద్ద డాక్టరుతో మాట్లాడవచ్చనీ, నదీన్ అర్జీని కాదన్న డాక్టర్ ఆస్‌గుడ్ గది చూడవచ్చనీ, ఒక ఉద్యోగిని ప్రశ్నించవచ్చనీ, అంతకుమించి అడుగు పడితే వకీళ్లు దిగుతారనీ ఏకరువు పెట్టాడు. ఎక్కడికెళ్లినా తను వెంటే ఉంటానని కూడా చెప్పాడు. వాండా అవన్నీ విననట్టే ముందుకు నడిచింది.

డాక్టర్ రాయిస్ హేవర్‌క్యాంప్ ఏ వైద్యానికి కంపెనీ సరే అనాలో, దేనికి అనకూడదో తేల్చే సంఘానికి అధ్యక్షుడు. ఇరవై ఏళ్లు ఎముకలు అతికించి, ఆనక ఈ కుర్చీలోకి వచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. మాట వెన్నలా ఉంటుంది. పళ్లెంలో ఆపిల్ డోనట్లు పెట్టి, సంఘం ఎలా పనిచేస్తుందో వాండాకి చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. మూడు నెలలకోసారి పదకొండుమంది కూర్చుంటారు. కొత్త వైద్యం మీద వచ్చిన పరిశోధనలన్నీ చదువుతారు. ఎంతమంది మీద ప్రయోగించారు, ఎన్నాళ్లు గమనించారు, పాత మందుకంటే ఎంత మేలు జరిగింది, ఇవి చూసి చేతులెత్తి ఓటు వేస్తారు. ఖర్చు మాట ఆ గదిలో ఎవరూ ఎత్తరట. ఆ చివరి మాట చెప్పేటప్పుడు అతని చూపు డోనట్ల మీదికి పోయింది.

వాండా నదీన్ ఫైలు తెరిచింది.

"మంగళవారం పదకొండూ పదికి ఆసుపత్రి డాక్టర్ టెస్సా వోల్మర్‌తో మీ డాక్టర్ ఆస్‌గుడ్ ఫోన్లో మాట్లాడారు. ఆరు నిమిషాలు. కాదన్నారు. ఆయన ఇవాళ ఎక్కడ?"

"ఇంటి దగ్గర్నుంచి పనిచేస్తున్నాడు. జలుబు."

"ఫోను ఎత్తడం లేదేం?"

"గొంతు పోయిందన్నాడు."

"ఎప్పుడు?"

"సోమవారం రాత్రి."

"మంగళవారం పొద్దున ఆరు నిమిషాలు గొంతు తిరిగొచ్చిందన్నమాట."

హేవర్‌క్యాంప్ టై సవరించుకున్నాడు. ప్రాట్ గోడకు ఆనుకున్నవాడల్లా నిటారుగా నిలబడ్డాడు. వాండా ఆ సంగతిని అక్కడే వదిలేసి, అసలు ఏ కారణంతో కాదన్నారని మామూలు గొంతుతో అడిగింది.

"చాలా సింపుల్ మేడమ్. ఈ వైద్యం ఇవ్వాలంటే ముందు రెండు మందులు వాడి ఉండాలి, రెండూ పనిచేయక పోవాలి. ఆవిడ ఒక్కటే వాడింది. నియమం నియమమే కదా."

ఫోన్లో ఆస్‌గుడ్ చెప్పింది కూడా అక్షరాలా అదేనని డాక్టర్ వోల్మర్ రాసిపెట్టుకుంది. వాండా తల ఊపి లేచింది. టైము రెండూ యాభై.

ఆస్‌గుడ్ గది నడవా చివర ఉంది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద గాజు గ్లాసులో పదిహేను ఆకుపచ్చ పెన్సిళ్లు, పక్కనే తిప్పుడు పిడి ఉన్న పాతకాలపు పెన్సిల్ చెక్కే యంత్రం. గది గుమ్మంలో కొరీన్ లెడూక్ నిలబడి ఉంది. ఆసుపత్రుల నుంచి వచ్చే చేరికల కబుర్లు చూసి, ఎవరికి ఎన్ని రోజులు పడక ఇవ్వాలో మొదటగా చెప్పే నర్సు ఆమె. వయసు యాభై ఎనిమిది. రెండు చేతులతోనూ కాఫీ కప్పు పట్టుకుంది గాని తాగడం లేదు.

నర్సుకి నర్సుతో మాట కలవడానికి ఎంతోసేపు పట్టదు. ఎక్కడ చేశావు, రాత్రి డ్యూటీలు ఎన్నాళ్లు చేశావు అని రెండు ముక్కలు అయ్యేసరికి కొరీన్ భుజాలు కాస్త కిందికి దిగాయి. ఆస్‌గుడ్ గురించి అడిగితే ఆమె ముఖం వెలిగింది. ఈ అంతస్తులో ఫైలు మొత్తం చదివేది ఆయన ఒక్కడేనట. తెర మీద చదివితే బుర్రకెక్కదని ప్రతి ఫైలూ అచ్చుతీయించి, పేజీ పేజీకీ ఆకుపచ్చ పెన్సిల్‌తో టిక్కు పెడతాడట. మిగతా డాక్టర్లు తెర మీద వరస మొత్తానికి ఒకే నొక్కుతో సంతకం పెట్టేస్తారు. రోగుల పేర్లు కూడా కనపడవు, నంబర్లే. అందుకని వాళ్లంతా ఆయన్ని చూసి నవ్వుకుంటారట.

"కంపెనీలో రక్తపు జబ్బుల డాక్టరు ఎంతమంది?" అంది వాండా.

"ఆయనొక్కరే."

వాండా చెక్కే యంత్రం కింది డబ్బా లాగి చూసింది. చెక్క పొట్టు ఒక్క ముక్క లేదు. చెత్తబుట్ట కూడా ఖాళీ. గది తుడిచేవాళ్లు సోమవారం రాత్రి వచ్చారని తలుపు వెనక కాగితం మీద టిక్కు ఉంది. మళ్లీ వచ్చేది ఇవాళ రాత్రే. అచ్చుయంత్రం మీట నొక్కితే చివరిసారి పనిచేసిన టైము చూపించింది. సోమవారం, సాయంత్రం అయిదూ యాభై.

"ప్రాట్ గారూ, సోమవారం సాయంత్రం నుంచి ఆస్‌గుడ్ సంతకాలు ఎన్ని పడ్డాయో ఆ చిట్టా తెప్పిస్తారా? ప్రతి సంతకానికీ టైముతో సహా."

"నేనేమన్నా నీ గుమాస్తానా?"

"కాదు. కానీ వకీళ్లని పిలిస్తే వాళ్లూ మిమ్మల్నే తెమ్మంటారు. రెండుసార్లు నడవడం ఎందుకని."

ప్రాట్ పళ్లు కొరుక్కుంటూ వెళ్లాడు. ఆ సందులో వాండా బల్ల సొరుగు లాగింది. పైనే నాలుగు పేజీల కాగితం ఉంది. నదీన్ తీసుకోవలసిన వైద్యానికి కంపెనీ నియమం అది. 'రెండు మందులు' అన్న చోట అచ్చు కొట్టేసి 'ఒక మందు' అని దిద్ది ఉంది, ఆకుపచ్చ పెన్సిల్‌తో. కింద సంఘం ఓట్లు రాసి ఉన్నాయి. అనుకూలం తొమ్మిది, వ్యతిరేకం రెండు. వ్యతిరేకించిన రెండు పేర్లలో మొదటిది హేవర్‌క్యాంప్. సవరణ తెచ్చింది హార్లన్ ఆస్‌గుడ్. అమలు అక్టోబరు ఒకటి నుంచి. ఇవాళ అక్టోబరు అయిదు.

వాండా తేదీలు ఇంకోసారి చూసుకుంది. పట్టుబట్టి నియమం మార్పించిన మనిషి, అమల్లోకి వచ్చిన మూడో రోజునే ఆ సంగతి మరిచిపోయి పాత నియమం వల్లిస్తాడా? వల్లించింది ఆయన కాదు. పాత నియమం బుర్రలో పాతుకుపోయినవాడెవడో ఆయన పేరు చెప్పుకుని మాట్లాడాడు.

అయితే అసలు మనిషి ఏమైనట్టు? భార్య పోయింది, పిల్లలు లేరు. పొద్దున ఆయన ఇంటికెళ్లి చూసిన వాండా సహోద్యోగికి గుమ్మం ముందు మూడు రోజుల పేపర్లు కనిపించాయి. వాండా గుమ్మంలోని కొరీన్ వైపు తిరిగింది. ఉన్నట్టుండి ఆమెకొక ఆలోచన తట్టింది.

"కొరీన్, మీ ఉద్యోగులకి బీమా ఎవరిది?"

"ఇంకెవరిది? మాదే."

"అయితే ఆయన ఏ ఆసుపత్రిలో చేరినా ఆ కబురు ముందు నీ దగ్గరికే వస్తుంది కదా?"

కొరీన్ కప్పు బల్ల మీద పెట్టేసింది. రోజుకి నూట ఇరవై కబుర్లు చూస్తుంది, అన్నీ నంబర్లే. ఆస్‌గుడ్ ఉద్యోగి నంబరు కొట్టి వెతికింది. తెర మీద ఒకే ఒక వరస వచ్చింది. సోమవారం రాత్రి ఏడూ పదిహేను. నది అవతలి ఆసుపత్రి. తల వెనక దెబ్బ, మెదడులో రక్తస్రావం, గొంతులో గొట్టం, స్పృహ లేదు. వీధిలో పడి ఉండగా ఎవరో అంబులెన్సు పిలిచారు. పర్సు లేదు, సంచీ లేదు, చొక్కా జేబులో పైక్‌వుడ్ బీమా కార్డు ఒక్కటే ఉంది. అడుగున మంగళవారం ఉదయం మూడు రోజుల పడకకు అనుమతి, ఇచ్చినది కొరీన్ లెడూక్.

"అయ్యో, నేనే సంతకం పెట్టాను," అంది కొరీన్. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆయనని తెలీకుండానే పెట్టాను."

"పెట్టావు కాబట్టే ఆయనకి ఇవాళ్టిదాకా పడక ఉంది. ఏడవకు. ఆయన మెళ్లో ఏదో బిళ్ల ఉంటుందంటారే, అదేంటి?"

సంతకం పెట్టాలంటే కావలసిన బిళ్ల అది. వేలెడంత ఉంటుంది, అరనిమిషానికోసారి దాని మీద ఆరంకెలు మారతాయి. ఆ అంకెలు కొడితేనే తెర సంతకాన్ని ఒప్పుకుంటుంది. ఆస్‌గుడ్ దాన్ని ఆకుపచ్చ తాడుతో మెడలో వేసుకుని స్నానానికి తప్ప తియ్యడని అంతస్తంతా ఎరుగును. ఆసుపత్రి రాసిన వస్తువుల పట్టీలో ఆ బిళ్ల లేదు.

వాండా గడియారం చూసింది. మూడూ పన్నెండు. నోటిదాకా వచ్చిన మాటను కష్టపడి మింగింది. ఇప్పుడే బయటపెడితే ఏమవుతుంది? మంగళవారం నాటి తిరస్కారం చెల్లదని తేలిన మరుక్షణం ప్రాట్ ఫోనందుకుంటాడు. బయటి రక్తపు డాక్టరు ఎవరినో పట్టుకొస్తారు. ఫైలు చదివి కాదనడానికి పావుగంట చాలు. నదీన్ కథ అక్కడితో సరి. కాబట్టి ఇంకో నలభై ఎనిమిది నిమిషాలు తన కడుపులో దాచుకోవాలి. కొరీన్ చెయ్యి గట్టిగా పట్టుకుని, నాలుగు కొట్టేదాకా ఈ సంగతి పెదవి దాటకూడదని చెప్పింది. తనకి దొంగ కూడా కావాలి. ఆ బిళ్ల ఎవరి జేబులో ఉందో వాడి చేతే బయటికి తీయించాలి.

ప్రాట్ చిట్టా తెచ్చి బల్ల మీద విసిరాడు. మంగళవారం అరవై ఒకటి, బుధవారం యాభై ఎనిమిది, ఇవాళ ఇప్పటికి నలభై. అన్నీ తిరస్కారాలే. ఒక వరసలో ఇరవై రెండు సంతకాలకూ ఒకే నిమిషం. వాండా ఆ కాగితాన్ని చూసీ చూడనట్టు మడిచి పెట్టుకుంది. అతని కళ్లు మాత్రం ఆ కాగితం మీదే ఉన్నాయి. అతను డిటెక్టివ్‌గా చేసినవాడు. ఆ అంకెలు అతన్నీ ఎక్కడో గుచ్చుతున్నాయని వాండాకి అర్థమైంది.

మూడూ నలభైకి ముగ్గురూ మళ్లీ హేవర్‌క్యాంప్ గదిలో కూర్చున్నారు. వాండా ఓడిపోయినదానిలా ముఖం పెట్టి, పోతూ పోతూ గుర్తొచ్చినట్టు మాట వదిలింది.

"అన్నట్టు డాక్టర్‌గారూ, మంగళవారం కాదన్నది ఫోన్లో. సంతకం ఉన్న కాగితం నా ఫైల్లో లేదు. నాలుగులోపు ఆస్‌గుడ్ గారి సంతకం పడకపోతే నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేను."

"అదెంత పని? హార్లన్‌కి ఫోన్ చేసి చెప్తాను, ఇంట్లోంచే పెట్టేస్తాడు." హేవర్‌క్యాంప్ లేచాడు.

"గొంతు పోయిందన్నారు?"

"వినడానికి గొంతెందుకు మేడమ్?" అని చిరునవ్వుతో బయటికి వెళ్లాడు. మూడూ నలభై ఆరు.

గదిలో ప్రాట్, వాండా మిగిలారు. ప్రాట్ కుర్చీ ఆమెకు ఎదురుగా లాక్కున్నాడు.

"ఏం ఆడుతున్నావు వాండా? సంతకం కాగితం ఆసుపత్రికి బుధవారమే పంపాం. నీ ఫైల్లో నాకు కనపడింది, నీకెందుకు కనపడలేదు?"

"కళ్లద్దాలు మార్చుకోవాలేమో."

"గంట నుంచి గడియారం తప్ప ఇంకేమీ చూడటం లేదు నువ్వు. నాలుగింటికి ఏం జరగబోతోంది?"

"నాలుగవుతుంది."

అతను ముందుకు వంగి, తనకి తెలీకుండా ఈ అంతస్తులో చీమ కూడా కదలదనీ, ఏదో దాస్తున్నావని తెలుసుననీ, ఇప్పుడు చెప్తే సరి, లేకపోతే ఆమె ఉద్యోగం మీదికి తెస్తాననీ అన్నాడు.  బస్సు మెట్ల మీద కూర్చుని, 'నా సొంత పిల్లలు కాదు, నా బస్సులో పిల్లలు నాకోసం అడుగుతున్నారు' అని నదీన్ నవ్వుతూ చెప్పిన మాటే వాండా చెవిలో మోగుతోంది. పళ్లెంలోంచి ఒక డోనట్ తీసుకుని నెమ్మదిగా నమిలింది. నోట్లో అది ఉంటే మాట బయటికి రాదు.

మూడూ యాభై ఏడుకి హేవర్‌క్యాంప్ తిరిగొచ్చాడు. "పని అయిపోయింది," అన్నాడు హాయిగా.

మూడు నిమిషాలు గడిచాయి. గోడ గడియారం ముల్లు నిలువుగా లేచింది. వాండా చేతులు దులుపుకుని నిలబడింది.

"నాలుగైంది. ఇప్పుడు చెప్తాను ప్రాట్ గారూ. డాక్టర్ ఆస్‌గుడ్ సోమవారం రాత్రి ఏడుంబావు నుంచి స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నారు. గొంతులో గొట్టంతో. మంగళవారం ఫోన్లో మాట్లాడింది ఆయన కాదు. ఈ మూడు రోజుల సంతకాల్లో ఒక్కటీ ఆయనది కాదు. నదీన్ బుషే అర్జీని ఏ డాక్టరూ చదవలేదు, కాదనలేదు. డెబ్బై రెండు గంటలు అయిపోయాయి."

ప్రాట్ ముఖం జేవురించింది. "గంట నుంచి తెలిసీ నన్ను వెర్రివాణ్ణి చేశావా?"

"చెప్తే ఏం చేసేవాళ్లో మీకూ తెలుసు."

అది ప్రాట్‌కి తెలుసు. ఈ లోపల వాండా నడవాలోకి కొరీన్ అని కేక పెట్టింది. కాదనడానికి డాక్టరు కావాలి గాని, సరే అనడానికి ఈ కంపెనీలో నర్సు సంతకం చాలు. నాలుగూ రెండుకి కొరీన్ ఆ సంతకం పెట్టి, అనుమతి కాగితాన్ని ఆసుపత్రికి పంపించింది. వాండా అక్కడే నిలబడి నదీన్‌కి ఫోన్ చేసింది. రేపు ఆరింటికి రమ్మంది.  అవతల నదీన్ ముక్కు చీదుకుని, రేపటి బస్సుకి ఇంకో డ్రైవరుని చూసుకోమని చెప్పాలి, ఉంటానంది. 

హేవర్‌క్యాంప్ మాత్రం అప్పటికే తేరుకున్నాడు. హార్లన్‌కి ఇలా అయిందని తనకు తెలియదనీ, ఎవరో తననూ మోసం చేశారనీ, ఫోన్లో బొంగురు గొంతు విని ఆయనే అనుకున్నాననీ గబగబా చెప్పుకుపోతున్నాడు. చెప్పే తీరు చూస్తే నమ్మబుద్ధేస్తుంది. ప్రాట్ అతని వైపూ వాండా వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు.

అప్పుడు కొరీన్ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఒక కాగితం ఉంది.

"ఇందాకటి వరసలో ఉత్తరాలు ఇప్పుడే అచ్చయ్యాయి," అంది. "తెర మీద నంబర్లే ఉంటాయి. ఉత్తరంలో పేర్లు వస్తాయి."

వాండా వేసిన ఎర అక్షరాలా పనిచేసింది. మూడూ యాభై రెండుకి నదీన్ ఫైలు మీద ఆస్‌గుడ్ సంతకం మళ్లీ పడింది. అయితే ఈ అంతస్తు అలవాటు ప్రకారం, సంతకం పెట్టినవాడు ఒక్క ఫైలు వెతుక్కోలేదు. వరస మొత్తాన్ని ఒకే నొక్కుతో కాదనేశాడు. పంతొమ్మిది ఫైళ్లు. ఒక్కటీ తెరవలేదు. ఆ పంతొమ్మిదిలో ఒకటి నది అవతలి ఆసుపత్రి పంపిన అర్జీ. రక్తం పలచబరిచే మందు వాడే రోగికి మెదడులో రక్తస్రావం, ఇంకో అయిదు రోజులు పడక కావాలని. అది రక్తపు డాక్టరు వరసలోకి వచ్చి కూర్చుంది.

ప్రాట్ కాగితం అందుకుని పైకే చదివాడు. "ఇకపై ఈ స్థాయి చికిత్స అవసరం లేదని మా నిపుణుడు ఫైలును క్షుణ్ణంగా పరిశీలించి నిర్ణయించారు. నిర్ణయించిన డాక్టరు, హార్లన్ ఆస్‌గుడ్." అతని వేలు పైవరస మీదికి వెళ్లింది. "రోగి పేరు, హార్లన్ ఆస్‌గుడ్."

హేవర్‌క్యాంప్ కుర్చీ చేయి పట్టుకున్నాడు.  వాండా దొంగ సంతకం పట్టుకోవాలనుకుందే గాని, ఆ సంతకం ఎవరి ఊపిరి మీద పడుతుందో తనూ ఊహించలేదు.

"పడక తియ్యనివ్వను," అంది కొరీన్.  "సరే అనడానికి నేను చాలు." గిరుక్కున తిరిగి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

మూడూ నలభై ఆరు నుంచి యాభై ఏడు దాకా ఈ గదిలోంచి బయటికి వెళ్లింది ఒక్కడే. ఆ లెక్క ప్రాట్‌కి వాండా చెప్పనక్కర్లేదు. అతను నెమ్మదిగా వెళ్లి తలుపు మూసి గడియ పెట్టాడు. పోలీసుగా ఉన్న రోజుల గొంతు అతనికి తిరిగొచ్చింది.

"డాక్టర్‌గారూ, కోటు జేబులో ఉన్నది బల్ల మీద పెట్టండి."

 ప్రాట్ చెయ్యి చాచి నిలబడ్డాడు. చివరికి డోనట్ల పళ్లెం పక్కన వేలెడంత బిళ్ల చప్పుడు చేస్తూ పడింది. దాని మీద ఆరంకెలు వెలుగుతున్నాయి. దానికి తగిలించిన ఆకుపచ్చ తాడు ముడి విప్పింది కాదు. మెడ మీద నుంచి లాగినప్పుడు తెగినట్టు పోగులు పోగులుగా ఉంది. ఒక కొసన గోధుమరంగు మరక ఎండిపోయి ఉంది.

పదహారేళ్లు నర్సుగా చేసిన వాండాకి ఆ మరక ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రాట్ కుర్చీ లాక్కుని హేవర్‌క్యాంప్ ఎదుట కూర్చున్నాడు. పక్కనే ఇంకో కుర్చీని కాలితో వాండా వైపు నెట్టాడు.

"కూర్చో నర్సమ్మా. సోమవారం సాయంత్రం అయిదూ యాభై దగ్గర్నుంచి మొదలుపెడదాం."